పాలిపోయిన ముఖము, పచ్చబడిన కన్ను
ఎర్రకణములు విరిగిపోవు పాండురోగమును గూర్చి

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



బాటలు, మంచినీటి కుళాయిలు, వీధిదీపములు మీరు నిత్యము చూచుకొను పనులు. అవి చెడినచో ఊరంతయు గమనించును. నేడు మేము మీకు విన్నవింపదలచిన విషయము అటువంటిది కాదు. అది మనుష్యుని రక్తములో జరుగు నష్టము. ఇంటివారే దానిని గుర్తింపలేకపోవుదురు. గుర్తించిననాడు ప్రాణము నిలుచును. గుర్తింపనినాడు పసిబిడ్డ రెండు దినముల జ్వరముతో పోవుటయు కలదు. అందుచేత మీ వేళలో కొంత మాకిచ్చి ఓపికతో వినగోరుచున్నాము.

చెరువులో నీరు ఏల తగ్గినది?

చెరువులో నీరు తగ్గినదని ఎవరైన వచ్చి చెప్పినచో మీరేమి చేయుదురు? ముందుగా కారణము విచారింతురు. వానలు లేక వాగు రాలేదా? ఎవరైన తూము తెరచి నీరు వదలినారా? లేక కట్టలో బొరియ పడి నీరు లోలోపల జారిపోవుచున్నదా? కట్టలో బొరియ ఉండగా వాగు కాలువను ఎంత వెడల్పు చేసినను చెరువు నిలువదు.

రక్తహీనత సంగతియు ఇంతే. రక్తము తగ్గుటకు ముఖ్యముగా మూడు దారులు కలవు. ఒకటి, రక్తము తయారగుటకు కావలసిన వస్తువులు చాలకపోవుట. రెండవది, రక్తము బయటికి పోవుట. కొంకిపురుగుల వలనను, స్త్రీలకు నెలసరిలో అధిక స్రావము వలనను, కాన్పులలోను ఇట్లు జరుగును. మూడవది, తయారైన రక్తకణములే కాలము తీరకముందు విరిగిపోవుట. ఈ మూడవదానినే వైద్యులు హీమోలిటిక్ అనీమియా అందురు. ఎర్రకణములు విరిగిపోవుటచే కలుగు పాండురోగమని దాని అర్థము.

మన గ్రామములలో అన్నిటికంటె తరచుగా కనబడునది ఇనుము లోపమే. కావున బడిపిల్లలకును గర్భిణులకును ఇనుము మాత్రలు పంచుట సరియైన పనియే. దానిని ఎవరును ఆపవలదు. మేము చెప్పునది ఇంతమాత్రమే: మాత్రలు నియమముగా మ్రింగినను రక్తము పెరుగనివారు, పాలిపోయిన ముఖముతోపాటు కన్నులు పచ్చబడినవారు మీ ఊరిలో ఉన్నచో, వారి విషయము వేరు. వారికి మాత్రల కంటె ముందు పరీక్ష కావలెను.

ఎర్రకణము ఆయుర్దాయము

మన రక్తమునకు ఎరుపు రంగు నిచ్చునవి ఎర్రకణములు. ఒక ఘనపు మిల్లీమీటరు రక్తములో ఇవి సుమారు 50 లక్షలు ఉండును. వాటిలోని హీమోగ్లోబిన్ అను పదార్థము ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును మోసికొనిపోయి దేహమంతటికి అందించును. ఇవి ఎముకల మూలుగలో పుట్టును. పుట్టిన కణము సుమారు 120 దినములు, అనగా నాలుగు నెలలు, తిరుగాడి ముసలిదగును. అంతట ప్లీహము మొదలైన అవయవములు దానిని పట్టి విడగొట్టును. ఈ ప్లీహము ఉబ్బినప్పుడే మన పెద్దలు "కడుపులో బల్ల పెరిగినది" అందురు.

కణము విరిగినప్పుడు దానిలోని ఎర్రని పదార్థము మారి బిలిరుబిన్ అను పసుపుపచ్చని పదార్థమగును. కాలేయము దానిని పైత్యరసములో కలిపి బయటికి పంపును. రోజునకు నూటికి ఒక కణము చొప్పున విరిగిన వేళ ఈ పని చప్పుడు లేకుండ సాగిపోవును. కాని కణములు ఇరువది దినములకే, పది దినములకే విరుగజొచ్చినచో, మూలుగ తన పనిని ఆరు నుండి ఎనిమిది రెట్లు పెంచినను లోటు తీరదు. అప్పుడు ముఖము పాలిపోవును. మిగిలిపోయిన పసుపు పదార్థము కంటి తెల్లగుడ్డులో తేలును. విరిగిన కణములను మోయలేక బల్ల పెరుగును. కొందరికి చిన్న వయస్సుననే పిత్తాశయములో రాళ్లు కట్టును. కణములు రక్తనాళములలోనే విరిగినచో మూత్రము టీ డికాక్షను వలె నల్లబడును.

ఇందలి ముఖ్యమైన గురుతులు మూడు: పాలిపోయిన ముఖము, పచ్చబడిన కన్ను, పెరిగిన బల్ల. ఇవి అందరిలోను ఒక్కసారిగా కనబడవు. ఏ రెండు కలిసినను అనుమానింపవలెను.

మేము చూచిన ఒక కుటుంబము

కొన్ని సంవత్సరముల క్రిందట ఏజెన్సీ ప్రాంతములోని ఒక గూడెమునకు మేము వెళ్లియుంటిమి. అక్కడ ఒక ఇంట ఏడేండ్ల బాలిక తరచు కాళ్లు, చేతులు, నడుము నొప్పియని ఏడ్చుచుండెడిది. కన్నులు పచ్చగా నుండెను. పెద్దలు పచ్చకామెర్లని పసరు పోయించిరి. నొప్పి తగ్గవలెనని కడుపుమీద వాతలు పెట్టించిరి. బాలిక పాలిపోయియుండుట చూచి మేము ఇనుము మాత్రలిచ్చి, ఆకుకూరలు పెట్టుడని చెప్పి వచ్చితిమి. పరీక్షకు పంపలేదు. ఆ తప్పు మాది.

వానకాలములో ఆమెకు జ్వరము తగిలెను. వాగు పొంగుచున్నదని తల్లిదండ్రులు ఒక దినము ఆగిరి. రెండవనాటి రాత్రి బిడ్డ పోయెను. ఇరుగుపొరుగువారు దిష్టియనిరి, కొందరు తల్లి కడుపు మంచిది కాదనిరి. ఆరు నెలల పిమ్మట ఆ బాలిక తమ్మునికి చేతుల వ్రేళ్లు, కాళ్ల వ్రేళ్లు ఉబ్బెను. ఈసారి రక్తమును పరీక్ష చేయించితిమి. సికిల్ సెల్ వ్యాధియని తేలెను. తల్లి రక్తములోను తండ్రి రక్తములోను దాని జాడ సమానముగా కనబడెను. తల్లి ఆ మాట విని చాలసేపు పలుకలేదు. చివరకు "అయితే నా ఒక్కదాని తప్పు కాదు గదా అయ్యా" అనెను.

ఆ బాలుడు నేడు బడికి పోవుచున్నాడు. అక్కకు లేక తమ్మునకు లభించినది ఒక్కటే: సకాలములో జరిగిన పరీక్ష.

కొడవలి కణముల కథ

ఈ వ్యాధిలో ఎర్రకణము ప్రాణవాయువును వదలినప్పుడు గుండ్రని రూపము చెడి కొడవలి వలె వంకరయగును. అందుచేతనే దీనికి సికిల్ సెల్ అని పేరు. వంకరయైన కణములు సన్నని నాళములలో చిక్కుకొని రక్తమును ఆపును. అదియే భరింపరాని నొప్పికి కారణము. అవి 10 నుండి 20 దినములకే విరిగిపోవును. అదియే రక్తహీనతకు కారణము. పుట్టిన తొలి మాసములలో శిశువు రక్తములో వేరొక విధమైన హీమోగ్లోబిన్ ఉండి కాపాడును గనుక, లక్షణములు సాధారణముగా ఆరు నెలల తరువాతనే బయటపడును.

1910లో అమెరికాలోని చికాగో నగర వైద్యుడు జేమ్స్ హెరిక్ ఈ వంకర కణములను మొదట వర్ణించెను. ఆయన రోగి గ్రెనడా దీవినుండి వచ్చిన ఒక దంతవైద్య విద్యార్థి. 1949లో లైనస్ పౌలింగును ఆయన సహచరులును దోషము హీమోగ్లోబిన్ అణువులోనే ఉన్నదని నిరూపించిరి. 1952లో మన దేశమున నీలగిరి కొండలలోని గిరిజనులయందు ఈ లక్షణము కనుగొనబడెను. తరువాతి కాలమున మధ్య భారతమునుండి మన తెలుగు ఏజెన్సీల వరకు అనేక గిరిజన జాతులలో ఇది ఉన్నట్లు తేలినది.

అడవి ప్రాంతములలోనే ఇది ఏల హెచ్చుగా కలదు? దీనికి జవాబు మలేరియాలో ఉన్నది. తల్లి నుండి గాని తండ్రి నుండి గాని ఒక్కరినుండి మాత్రమే ఈ లక్షణము పొందినవారిని వాహకులందురు. వారు సామాన్యముగా ఆరోగ్యవంతులే. పైగా ప్రాణాంతకమైన మలేరియా వారిని అంతగా బాధింపదని 1954లో అలిసన్ అను శాస్త్రజ్ఞుడు తూర్పు ఆఫ్రికాలో చూపెను. మలేరియా ఏలిన చోట్ల తరతరములుగా వాహకులు ఎక్కువగా బ్రతికి బట్టకట్టిరి. కావున ఇది ఏ జాతికిని శాపము కాదు, ఏ కులమునకును మచ్చ కాదు. అంటువ్యాధి అసలే కాదు. మైదాన గ్రామములవారు తమకిది సంబంధింపదని తలపవలదు. ఇతర జనములలోను ఇది కనబడుచున్నది.

ఇద్దరు వాహకులు వివాహమాడినచో ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట ఒకటి, వాహకమగు అవకాశము నాలుగింట రెండు, ఏమియు లేకుండు అవకాశము నాలుగింట ఒకటి. ఈ లెక్క ప్రతి కాన్పునకును వేరుగా వర్తించును. మొదటి బిడ్డకు వచ్చినది గనుక తరువాతి మువ్వురకు రాదనుకొనుట పొరపాటు. దంపతులలో ఒకరు మాత్రమే వాహకులై, రెండవవారికి హీమోగ్లోబిన్ దోషమేదియు లేనిచో బిడ్డకు వ్యాధి రాదు.

ఇతర కారణములు

తలసీమియా కూడ తల్లిదండ్రులనుండి వచ్చునదే. దాని తీవ్రరూపములో బిడ్డకు రెండు మూడు వారములకు ఒకసారియైన రక్తమెక్కింపవలసి వచ్చును. ఎర్రకణమును కాపాడు జి-6-పి-డి అను ఎంజైము కొందరిలో పుట్టుకతోనే తక్కువ. ఇది మగపిల్లలలో ఎక్కువగా బయటపడును. అట్టివారు మామూలుగా ఆరోగ్యముగనే ఉందురు. కాని మలేరియాకు వాడు ప్రైమాక్విన్ వంటి కొన్ని మందులు పడినప్పుడు వారి కణములు ఒక్కసారిగా విరుగును. బట్టలలో వేయు నాఫ్తలీన్ గోళీల వాసన కూడ అట్టి పసిబిడ్డకు హాని చేయగలదు. ప్రైమాక్విన్ మంచి మందే. వైవాక్స్ మలేరియాను తిరుగబెట్టకుండ ఆపును. కాని మందు వేసికొనుచుండగా మూత్రము నల్లబడినచో వెంటనే మాత్రలు ఆపి ఆసుపత్రికి పోవలెను.

పుట్టుకతో కాక నడుమ వచ్చు కారణములును కలవు. మలేరియా క్రిమి తానే ఎర్రకణములలో పెరిగి వాటిని పగులగొట్టును. కొన్ని పాముల విషము, గుంపు సరిపడని రక్తమెక్కించుట కూడ ఇదే నష్టము కలిగించును. కొందరికి దేహరక్షణ శక్తియే దారి తప్పి తన కణములనే శత్రువులుగ భావించి చంపును. తల్లిది నెగెటివ్ రక్తమై, కడుపులోని శిశువుది పాజిటివ్ రక్తమైనచో తరువాతి కాన్పులలో శిశువునకు ముప్పు కలుగవచ్చును. దీనికి యాంటీ-డి అను సూదిమందు కలదు. గర్భమున 28వ వారములోను, కాన్పైన 72 గంటలలోను దానిని ఇత్తురు. ప్రతి గర్భిణికిని రక్తపు గుంపు తెలియవలెననుట అందుచేతనే.

పరీక్షలు

మొదటిది హీమోగ్లోబిన్ కొలత. వయసు వచ్చిన పురుషునికి 13 గ్రాములకు, స్త్రీకి 12 గ్రాములకు తగ్గినచో రక్తహీనత యందురు. అది ఎంత తగ్గినదో చెప్పును గాని ఏల తగ్గినదో చెప్పదు. కారణము తెలియుటకు వైద్యుడు రక్తపు బొట్టును గాజుపలకపై పరచి సూక్ష్మదర్శినితో కణముల ఆకారము చూచును. మూలుగ తొందరపడి పంపిన లేత కణములు ఎన్ని ఉన్నవో లెక్కించును. బిలిరుబిన్ కొలుచును. దేహమే కణములను చంపుచున్నదా అని తెలియుటకు కూంబ్స్ పరీక్ష చేయును. ఇది 1945 నుండి వాడుకలో ఉన్నది.

సికిల్ సెల్ కొరకు మొదట వ్రేలినుండి తీసిన రక్తపు చుక్కతో సుళువైన పరీక్ష చేయుదురు. అందులో జాడ కనబడినచో హెచ్.పి.ఎల్.సి. గాని ఎలక్ట్రోఫోరెసిస్ గాని చేసి, వ్యాధియా వాహకమా యని నిర్ణయింతురు. మొదటి పరీక్ష చూచి ఎవరినిగాని రోగియని ముద్ర వేయరాదు. కేంద్ర ప్రభుత్వము 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషనును ప్రారంభించినది. 17 రాష్ట్రములలో 40 ఏండ్ల లోపు వయసుగల 7 కోట్ల మందిని పరీక్షించుటయు, 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించుటయు దాని లక్ష్యములు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండును అందులో కలవు.

చికిత్స

కారణమును బట్టియే చికిత్స. మలేరియా యైనచో మలేరియా మందు. మందు వలన వచ్చినదైనచో ఆ మందును ఆపుట. దేహమే కణములను చంపుచున్నచో ప్రెడ్నిసొలోన్ వంటి మందులు. అవి చాలనప్పుడు ఇతర మందులు, కొందరికి ప్లీహమును తీసివేయుట.

సికిల్ సెల్ రోగులకు ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇత్తురు. హైడ్రాక్సీయూరియా అను మందును వైద్యుని పర్యవేక్షణలో ప్రతిదినము వాడినచో నొప్పులు ఎంతో తగ్గును. అప్పుడప్పుడు రక్త పరీక్ష చేయించుకొనవలెను. నొప్పి లేదని మందు మానరాదు. బిడ్డను కోరుకొనువారు ముందే వైద్యునితో చెప్పవలెను. ఐదేండ్ల లోపు బిడ్డలకు పెన్సిలిన్, అందరికిని టీకాలు ముఖ్యము. పదే పదే రక్తమెక్కించుకొనువారి దేహములో ఇనుము పేరుకొనును. దానిని తీసివేయుటకు వేరు మందులు కలవు. వారికి పరీక్ష లేకుండ ఇనుము టానిక్కులు పోయుట మేలు చేయదు. సరిపడు తోబుట్టువు ఉన్నచో మూలుగ మార్పిడి వలన వ్యాధి నయమగు అవకాశము కలదు.

ఇంటివద్ద చేయదగినవియు ఉన్నవి. నీరు విరివిగా త్రాగవలెను. చలిలోను మండుటెండలోను శ్రమపడరాదు. అన్నిటికంటె ముఖ్యమైన మాట: సికిల్ సెల్ బిడ్డకు జ్వరము వచ్చినచో అదే దినము ఆసుపత్రికి చేర్పవలెను. ఛాతీనొప్పి, ఆయాసము, బల్ల హఠాత్తుగా పెరుగుట, ఒక ప్రక్క కాలుచేతులు పడిపోవుట, ముఖము ఒక్కసారిగా తెల్లబడుట కనబడినచో గడియయైన ఆగరాదు.

మీరు చేయదగినది

ఇక మీ వంతు. వైద్యుడు మందు ఇచ్చును గాని మనిషిని ఆసుపత్రి గడప వరకు తెచ్చునది గ్రామమే.

మొదట, పరీక్షా బృందము వచ్చు దినమును ముందుగా చాటింపు వేయించుడు. సంతనాడు గాని, ఊరంతయు పొలములకు పోయిన వేళ గాని పెట్టినచో ఎవరు వత్తురు? మీ వీలును ఏ.ఎన్.ఎమ్.కును ఆశా కార్యకర్తకును చెప్పి దినము నిర్ణయింపుడు. సర్పంచి తాను మొదట వ్రేలు చాపినచో మిగిలినవారి భయము తీరును.

రెండవది, ఫలితపు కార్డులను భద్రపరచుకొనుమని ప్రతి ఇంటికి చెప్పుడు. పెండ్లికి ముందు ఉభయుల కార్డులు చూచుకొనుట మంచిది. కాని ఎవరి పేరును గ్రామసభలో చదువవలదు. వాహకురాలైన పిల్లకు సంబంధము తప్పించుట కొరకు ఈ కార్డు పుట్టలేదు. వాహకుడు కాని వరుని ఆమె నిశ్చింతగా పెండ్లాడవచ్చును. ఇప్పటికే పెండ్లియైన వాహక దంపతులు గర్భము ధరించిన తొలి వారములలోనే వైద్యుని కలిసినచో, గర్భస్థ శిశువును పరీక్షించు మార్గమును వారు చెప్పుదురు.

మూడవది, వ్యాధిగల బిడ్డలున్న ఇండ్లు ఆశా కార్యకర్తకు తెలిసియుండవలెను. వానకాలమునకు ముందే ఆ బిడ్డలను ఏ దారిన, ఏ బండిలో తీసికొనిపోవలెనో నిశ్చయించుకొనుడు. 108 వాహనము ఎంతవరకు రాగలదో, వాగు పొంగిననాడు ఎవరు మోయుదురో ముందే మాటలాడుకొనుడు. ఆ బాలికను మేము పోగొట్టుకొన్నది వ్యాధి వలన మాత్రమే కాదు, ఆ ఒక్క దినము ఆలస్యము వలన.

నాలుగవది, బడిలో ఉపాధ్యాయునకు చెప్పుడు. ఆ బిడ్డ మాటిమాటికి నీరు త్రాగనిండు, బయటికి పోనిండు, పరుగుపందెమునకు బలవంతము చేయవలదని. నొప్పితో బడి మానిన బిడ్డను సోమరియనరాదు.

ఐదవది, వాతలు పెట్టుటను మాన్పింపుడు. పెద్దలను అవమానించి కాక, నచ్చచెప్పి మాన్పింపుడు. మీరు చెప్పినచో విందురు.

ఆరవది, ఏడాదికి ఒకసారియైన రక్తదాన శిబిరము నడుపుడు. మీ ఊరివారిచ్చిన రక్తము ఏదో ఒక తలసీమియా బిడ్డకు మూడు వారముల ఆయువు పోయును. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టములో సికిల్ సెల్ వ్యాధి, తలసీమియా రెండును చేర్చబడినవి. అర్హులచే ధ్రువపత్రము కొరకు దరఖాస్తు చేయింపుడు.

సభ్యులారా! ఇందులో పెద్ద ధనము ఖర్చగు పని ఒక్కటియు లేదు. నేడు మీ ఊరు చేరిన తరువాత వీధిలో ఆడుకొను పిల్లల ముఖములను ఒకసారి పగటి వెలుగులో చూడుడు. పాలిపోయిన ముఖమున పచ్చని కన్ను కనబడినచో, ఆ తల్లిని పిలిచి, "అమ్మా, బిడ్డకు రక్తపరీక్ష చేయించినావా?" యని అడుగుడు. ఆ ప్రశ్న మేము ఆనాడు అడుగలేదు. మీరు అడుగుదురని నమ్మి సెలవు తీసికొనుచున్నాము.